కొలతకు పోయిన సామాను

మా రహమాన్‌కు ఒక్కటే రోగం. ఎవరింట్ల ఇనుప సామాను కనబడ్డా ఊకోడు. చేతులు ఎనుకకు కట్టుకోని దాని సుట్టు ఒక్కసారి తిరుగుతడు, వంగి సూస్తడు, గోరుతోని టంగుమని కొడ్తడు. అటెన్క గొంతు సన్నగ చేసి అడుగుతడు. "అక్కా, ఇది జర కొలతకు కావాలె. రేపు తెచ్చిస్త."

ఆయన రేపు అన్నడంటె వారం. ఎల్లుండి అన్నడంటె ఇగ ఆ సామాను మీద ఆశ ఇడిసిపెట్టుడే.

కొలత దేనికంటె కారుకు. ఆయనింట్ల ఒక పాత ఫియట్ కారు ఉండె. దానికి బజార్ల పార్టులు దొరకయి, అందుకే అన్ని ఇంట్లనే తయారు చేస్తుండె. ఏ పార్టు చెయ్యాలన్నా దానికి కావాల్సిన కొలత మాత్రం ఎప్పుడు మా గల్లీ వంటిండ్లల్లనే దొరుకుతుండె.

"కారుకు, నా రొట్టెల పెంకకు ఏం సంబంధమయ్యా?" అని అడిగిన ఒకసారి.

"క్లచ్ పలక గుండ్రంగుంటదక్కా. నీ పెంక గూడ గుండ్రమే గద."

గిసోంటి మనిషిని నేను మా గల్లీలకెల్లి ఎల్లగొట్టిన. ఎవరో గాదు, నేనే, నా చేతితోని కాగితం రాసి. మల్ల తోలుకరానీకె నానా తిప్పలు పడ్డ. ఆ కథ చెప్పుడు నాకేం ముద్దుగ లేదు, కాని ఇంకొకరు చెప్తె నా తప్పు ఇంకింత పెద్దగ చేసి చెప్తరు. అందుకే నేనే చెప్తున్న.

నా పేరు ముత్తవ్వ. ఎల్లారెడ్డి బస్టాండు బయట తోపుడు బండి మీద జొన్నరొట్టెలు కాల్చి అమ్ముత. నా పెనిమిటి పోయి ముప్పై ఏండ్లాయె. అప్పటిసంది ఎవ్వరి ముంగట చెయ్యి సాపలే, ఎవ్వరితోని ఊకె ఒక్క పని చేయించుకోలే. నాలుగో తరగతి దాక సదివిన. ఐదుకు పోకపోవుడు మా అయ్య తప్పు, నా తెలివి తప్పు గాదు.

రహమాన్ ఇంటికి, నా ఇంటికి నడుమ ఒక్కటే గోడ. నాకంటె పదేండ్లు చిన్న. మస్కట్‌ల ఇరవై రెండేండ్లు లేతు మిషను మీద పనిచేసిండు. ఇనుమును గిరగిర తిప్పుకుంట సన్నగ చెక్కే మిషను అది. గల్ఫు పోయినోళ్లు వచ్చేటప్పుడు కంబళ్లు తెస్తరు, అత్తరు తెస్తరు, బంగారం తెస్తరు. ఈయన రెండు పెద్ద పెట్టెలు తెచ్చిండు. గల్లీ అంత చేరి సూస్తుంటె తాళం తీసిండు. ఒక దాంట్ల డ్రిల్లు బిట్లు. రెండోదాంట్ల గూడ డ్రిల్లు బిట్లే, జర లావువి.

ఆయన పెండ్లాం బిల్కిస్ ఆ పెట్టెలల్లకు తొంగి సూసి, "మరి నాకేం తెచ్చినవు?" అన్నది.

రహమాన్ అడుగు దాక ఎతికి ఒక చిన్న పట్టకారు తీసిచ్చిండు. "రొట్టె తిప్పనీకె మంచిగుంటది" అన్నడు.

బిల్కిస్ ఆ పట్టకారు దిక్కు సూసింది, మొగని దిక్కు సూసింది. దేంతోని దేన్ని తిప్పాల్నో ఆలోచిస్తున్నట్టు నాకు అనిపిచ్చింది.

వచ్చిన వారానికే నా బండి కాడికి వచ్చి నిలవడ్డడు. గప్పుడు నా పొయ్యికి ఒక కాలు ఊగుతుండె, కింద ఇటుక ముక్క పెట్టుకోని కాలం ఎల్లదీస్తున్న.

"అక్కా, దీని కాలు నేను బాగు చేసిస్త. పైసలేం వద్దు."

నాకు కాలుకెల్లి నెత్తి దాక మండింది. "నీకు నేను అడుక్కునేదాని లెక్క కనబడుతున్ననా? ఊకె చేసుడు నీ ఇంట్ల పెట్టుకో. నా పొయ్యి నాది, నా ఇటుక నాది."

"సరే అక్కా" అన్నడు. ఇటుక దిక్కు ఇంకొకసారి సూసి పోయిండు.

ఆ ఎండకాలమే కామారెడ్డికి పోయి కారు తెచ్చిండు. తెచ్చిండంటె నడుపుకుంట గాదు, ట్రాక్టరు ట్రాలీల ఏసుకోని. ఏదో రైసు మిల్లు ఎనుక పదిహేనేండ్లు పడి ఉన్నదట. రంగు ఏందో చెప్పనీకె రాదు. ఒక తలుపు లేదు. అడుగు రేకు లేదు, కూసుంటె కాళ్లు నేలకు ఆనుతయి. ఇంజను ఉన్నది గాని తిరగది. ఎనుక సీటు మీద ఒక కోడి పొదుగుతున్నది.

"ఇది కారా?" అన్నది బిల్కిస్.

"అయితది" అన్నడు రహమాన్.

"కోడేంది?"

"అది మిల్లోళ్లది. పిల్లలు లేసినంక ఇచ్చేస్త."

నేను గోడ మీదికెల్లి అన్న, "బిల్కిస్, నీ మొగడు కోళ్లగూడు కొనుక్కొచ్చిండు. నాలుగు చక్రాలున్నయి, పిల్లి వస్తె ఉరకనీకె అక్కరకొస్తది."

ఇంటి ఎనుక బర్రెల కొట్టం తీసి, రేకులేసి, షెడ్డు కట్టిండు. పాత లేతు మిషను ఒకటి కొనుక్కొచ్చిండు. దాన్ని దింపనీకె తొమ్మిది మంది, మోకులు, ఒక పూట. సందుల పట్టక బిల్కిస్ వంటింటి గోడ పగులగొట్టి అండ్లకెల్లి తీస్కపోయిండ్రు. ఆ గోడ మల్ల కట్టేదాక మూడు దినాలు ఆమె వంట చేస్తుంటె గల్లీల పోయేటోళ్లంత ఇయ్యాల కూరేందని అడుక్కుంట పోయిండ్రు. ఒకాయన ఉప్పు గూడ సూసిండట.

ఇగ పని మొదలాయె. రైలు పట్టా ముక్కను మొద్దు మీద పెట్టి, దాని మీద రేకు పెట్టి సాగగొట్టుడు. నూనె డ్రమ్ము కోసి సాపు చేసి కారుకు అడుగు ఏసిండు. పాత ఇత్తడి నల్లాలు కరిగిచ్చి బుష్షులు చెక్కిండు. అంటె, ఇరుసు అరగకుండ చక్రం నడుమ తొడిగే ఉంగరాలు. తలుపు లేదంటిని గద, దాన్ని రెండు నెలలు కొట్టి కొట్టి చేసిండు. దానికి అద్దం లేపే పిడి చేసిండు. అద్దం మాత్రం ఇంక రాలే. గయినా పొద్దుకు రెండుసార్లు ఆ పిడి తిప్పి సూసుకునెటోడు.

ఏ పార్టైనా ముందుగాల అట్ట మీద గీసుకోని, కత్తెరతోని కోసి, కారుకు పెట్టి సూసుకోని, అటెన్కనే ఇనుము కోస్తడు. ఆ అట్టలేమో గల్లీల అందరికి వచ్చిన పెండ్లి పత్రికలు. అవి మందంగ ఉంటయట. నాగిరెడ్డిపేటల మా సుట్టాల పెండ్లికి పోదామని పత్రిక ఎతికితె రహమాన్ షెడ్డుల దొరికింది. పిల్ల పేరున్నది, పిలగాని పేరున్నది, తారీఖు ఉన్న కాడ గుండ్రంగ బొక్క ఉన్నది.

"బ్రేకు పట్టీ అక్కా" అన్నడు. "మస్తు కుదిరింది."

మేం పోయేసరికి పెండ్లయి మూడు దినాలాయె. పందిరి పీకుతుండిరి.

కొలతకు పోయినయాట్ల మొదటిది నా పెంక. తొమ్మిది దినాలు దాని మొగం సూడలే. నా చిన్న పెంక మీద పూరీలంత రొట్టెలు కాల్చిన. కొనేటోళ్లు "ఏంది అవ్వా, రొట్టె ఎండిందా?" అని అడిగిండ్రు. పదోనాడు పెంక తెచ్చి గడప మీద పెట్టి, "కొలత సరిపోలే అక్కా" అన్నడు. ఆ దినం నేను తిట్టిన తిట్లకు మా ఎదురింటి సలోమి కిటికీ మూసుకున్నది. అటెన్క పొయ్యి పోయింది, కారుల ఇంజను నిలబెట్టే కాళ్లకు కొలతట. కుక్కర్ పోయింది, నీళ్ల డబ్బా మూతకు కొలతట.

సలోమి బట్టలు కుడుతది. ఆమె కుట్టు మిషన్ మొత్తానికి మొత్తం కావాలన్నడు.

"మిషన్ దేనికన్నా?"

"స్టీరింగుకు. నీ మిషన్ కింద పెద్ద చక్రం ఉన్నది గద."

"దాన్ని కాళ్లతోని తిప్పుతం. నీ కారు స్టీరింగు కాళ్లతోని తిప్పుతవా?"

రహమాన్ జర ఆలోచించి, "ముందుగాల చేతులతోనే సూస్త చెల్లె" అన్నడు.

అన్నిటికంటె గొప్ప ముచ్చట భూమయ్య బాపుది. ఎనభై దాటిన మనిషి. ఆయనకు పొద్దూకినా పొద్దెక్కినా ఒక్కటే ఇనుప మంచం. రహమాన్ ఆ మంచం సుట్టు రెండుసార్లు తిరిగి, "బాపు, కారు పొడుగుకు జర కొలత కావాలె" అన్నడు.

"నేను పోయినంక తీస్కపో."

"ఏడికి పోతున్నవు బాపు?"

"పైకి."

"గప్పటిదాక జర కింద పండు మరి" అని మెల్లగ చెయ్యి పట్టి లేపి, సాప పరిచి, దిండు సర్ది, మంచం నెత్తిన పెట్టుకోని పోయిండు. భూమయ్య సాప మీద కూసోని గల్లీల పోయేటోళ్లందరికి చెప్పిండు, ఎనభై ఏండ్లు బతికిన గాని పండిన మనిషి పోతలేడని మంచాన్ని మోస్కపోయినోణ్ణి సూడలేదని.

గిట్ల నాలుగేండ్లు నడిచింది. వెల్డింగు పెట్టిండంటె మా బల్బులు కన్ను కొడుతుండె. లేతు నడిచిందంటె నా గోడ మీది గిన్నెలు గజగజ వణుకుతుండె. తిడుతుంటి, గాని అది పొద్దుగాల మొగం కడుక్కున్నట్టు అలవాటు. మనసుల పెట్టుకోని తిట్టలే. ఆ అంగడి దినం దాక.

వారానికొక్కసారి అంగడి. ఆ ఒక్క దినం మీదనే నా వారం నడుస్తది. ముందు దినం మాపటీలి బండి తోసుకోని వస్తుంటె రహమాన్ ఎదురొచ్చిండు. "అక్కా, నీ బండి ఇరుసు జర..." అని ఏదో మొదలుపెట్టిండు.

"నా బండి సంగతి నాకు తెల్సు. నువ్వు నీ కారు సూసుకో" అన్న. మొదలుపెట్టిన మాట ఆయన మింగిండు. నేను ఇంట్లకు పోయిన.

తెల్లారి జొన్నపిండి గంప ఎత్తుకోని బయటికొస్తె, బండి ఇటుకల మీద ఉన్నది. ముంగటి చక్రాలు లేవు, ఇరుసు లేదు. షెడ్డుల లేతు మిషను గుయ్యిమంటున్నది.

"రహమాన్."

తడి గుడ్డతోని చేతులు తుడుసుకుంట వచ్చిండు. "కొలతకు అక్కా. పొద్దూకేలోపల పెట్టిస్త."

"ఇయ్యాల అంగడి. నీకెరికనా?"

"ఎరికనే అక్కా."

"ఎరికుండి ఇయ్యాలనే తీసినవా? నిన్న తియ్యలే, రేపు తియ్యవు, నీ కారుకు ఇయ్యాలనే ముహూర్తం పెట్టినవా?"

నేల సూసుకుంట నిలవడ్డడు. "ఇయ్యాలనే కావాలె అక్కా" అన్నడు. అంతకంటె ఒక్క మాట ఎక్కువ చెప్పి ఉంటె నా బతుకు మీద ఈ మచ్చ ఉండకపోవు. కాని చెప్పనీకె ఆయనకు నోరేడ మిగిలిచ్చిన నేను?

ఆ దినం బస్టాండుల ఇంకొకామె రొట్టెలు అమ్ముకున్నది. పొద్దూకేసరికి చక్రాలు మల్ల వచ్చినయి, పోయిన అంగడి రాలే. నేను ఇంట్ల కూసోని ఒక తెల్లకాగితం తీసిన. మోత రాసిన, కరెంటు రాసిన, గోడ అదురుడు రాసిన. ఇంక కడుపు నిండలే. ఆఖరుకు బడిల నేర్పినట్టు మంచి తెలుగుల రాసిన: "ఇతడు ఇరుగుపొరుగువారి ఇండ్లలోని సామానులు ఎత్తుకొని పోవు దొంగ." నాలుగో తరగతిల నా దస్తూరికి పంతులు పలక ఇనాం ఇచ్చిండు. ఆ దొంగ అన్న మాటల సున్న ఎంత గుండ్రంగ వచ్చిందో సూసుకోని మురిసిన. తీస్కపోయి మున్సిపాలిటీల ఇచ్చిన.

నాలుగు దినాలకు మున్సిపాలిటీ సారు వచ్చిండు. మంచి మనిషే, ఆయన పని ఆయన చేసిండు. గల్లీల నిలవడి, అందరు ఇనాలె గదా అని కాగితం మొత్తం సదివిండు. నా రాత ఆయన గొంతుల పడి ఇంకింత గట్టిగయ్యింది. దొంగ అన్న కాడికి వచ్చేసరికి సలోమి నా దిక్కు సూసింది. భూమయ్య గూడ సూసిండు. బిల్కిస్ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది.

"ఏమంటవు?" అని సారు రహమాన్‌ను అడిగిండు.

"అక్క రాసిందంటె నిజమే సార్. తీస్కపోయిన" అన్నడు.

గంతే అన్నడు. కొట్లాడుతడని నేను గొంతు సర్దుకోని ఉన్న, నాలుగు మాటలు తయారు పెట్టుకున్న. ఆ నాలుగు మాటలు ఇప్పటికి నా కడుపులనే ఉన్నయి, అరగవు.

ఇండ్ల నడుమ లేతు మిషను నడపొద్దు, పదిహేను దినాల్ల తియ్యాలె అని సారు చెప్పి పోయిండు. పదిహేను దినాలు అక్కర లేకపాయె. మూడోనాటికి ట్రాలీ వచ్చింది. కామారెడ్డిల బిల్కిస్ తమ్ముని గోదాము ఖాళీగ ఉన్నదట. మిషను పోయింది, రైలు పట్టా పోయింది, పరదా కప్పిన కారు పోయింది. బిల్కిస్ ఇంటి తాళం చెవి తెచ్చి నా చేతిలనే పెట్టింది. "కరివేపాకు చెట్టుకు నీళ్లు పొయ్యి అక్కా" అన్నది. వేరే ఎవరి చేతిలన్న పెడితె బాగుండు అనిపిచ్చింది.

మొదలు వారం దినాలు మస్తు నిద్ర పట్టింది. గల్లీల అందరికి చెప్పుకుంట తిరిగిన, ఎంత సల్లగున్నదో సూడుండ్రని. ఎవ్వరు అవునన్లే. రెండో వారం నిద్ర పట్టలే. గోడ మీద గిన్నెలు వణకకపోతె ఏదో పండుగ అయిపోయిన ఇల్లు లెక్క ఉన్నది. మూడో వారం ఉత్తగనే గోడ దిక్కు తిరిగి ఒక తిట్టు తిట్టిన. అవతలికెల్లి పలుకు లేదు.

వానలు పడ్డంక నా బండి చక్రం పట్టేసింది. బస్టాండు కాడ భూమేశ్ అని బండ్లు బాగు చేసే పిలగాడు ఉంటడు. ఆయన కాడికి తోసుకపోయిన. చక్రం ఇప్పి, కింద కూసోని, చానసేపు సూసిండు.

"ఏమైందయ్యా?"

"ఏం కాలే. సంచి దారం సుట్టుకున్నది, తీసేసిన. గాని ఈ ఇరుసు ఎవరు చేసిండ్రు అవ్వా?"

"చేసుడేంది? బండితోని వచ్చిందే."

"బండితోని వచ్చింది గాదు. ఇది లేతు మీద కొత్తగ చెక్కిన ఇరుసు. చక్రంల ఇత్తడి బుష్షులున్నయి, గిసోంటివి నేను కార్లకు గూడ ఎయ్య." బండి కిందికి దూరి, "ఈడ సూడు" అని నా చెయ్యి పట్టి తాకిచ్చిండు. ఇరుసును పట్టుకునే ఇనుప పట్టీ నడుమ ఒక గీర, దాని మీద వెల్డింగు, దాని మీద నున్నగ రాకిన జాడ. "ఇది రెండు ముక్కలైంది. ఎవరో సూసుకోని అతికిండ్రు. గట్లనే ఇడిసిపెట్టి అంగడి బరువు ఎక్కిస్తె, మండే పొయ్యి, పెంక అంత నీ మీదనే పడుతుండె అవ్వా. అదృష్టం నీది."

బండి తోసుకుంట ఇంటికి వచ్చిన. తోసినట్టే లేదు, అదే నడిచింది. పెంక తీసి నేల మీద పెట్టిన. అడుగు ఉబ్బి గిరగిర తిరిగేది, సాపుగ కూసున్నది. ఏండ్లసంది రొట్టె సమానంగ కాలుతున్నదంటె బిచ్కుంద జొన్నల మహిమ అనుకున్న, అంతకంటె ఎక్కువ నా చేతి మహిమ అనుకున్న. పొయ్యి సూసిన. నాలుగు కాళ్లు గట్టిగున్నయి. ఆ ఇటుక ముక్కను ఎన్నడు తీసి పారేసిన్నో నాకే యాదికి లేదు.

సలోమి ఇంటికి ఉరికిన. "నీ మిషన్ రహమాన్ ఇచ్చినంక ఎట్లున్నది?"

"మంచిగనే ఉన్నది. అంతకు ముందు కుట్టుకు కుట్టుకు దారం తెంపేది. పది దినాలు రెస్టు దొరికింది గద, అందుకే బాగైందనుకున్న."

"మనిషా అది, రెస్టు తీసుకోనీకె?"

భూమయ్య కాడికి పోయిన. "బాపు, నీ మంచం కిర్రుకిర్రుమనేది గద?"

"అనేది. ఇప్పుడు అంటలేదు. నా చెవులు పోయినయనుకున్న" అన్నడు. "పోలేదా?"

"పోలే బాపు. మన మతులే పోయినయి."

ఎట్లన్న జేసి రహమాన్‌ను తోలుకరావాలె. ఇగ నాకు వేరే పని లేదు. మున్సిపాలిటీకి పోయి నా కాగితం నాకు ఇమ్మన్న. ఇచ్చేది లేదట. కాని గల్లీలోళ్లంత మాకేం అభ్యంతరం లేదని సంతకాలు పెడితె, పొద్దుగాల పది నుంచి ఐదు దాక నడుపుకోనిస్తం అన్నడు సారు. పదకొండు ఇండ్లు. అంటె పదకొండు గడపలెక్కి నోరు తెరిచి అడగాలె. ముప్పై ఏండ్లసంది చిటికెడు ఉప్పు అడగని నోరు. మొదటి గడప సలోమిది. దాని ముంగట నిలవడి ఎంతసేపు దగ్గిన్నో దేవునికే ఎరిక.

"ఏందక్కా, దగ్గు మందు కావాల్నా?"

"జర సంతకం పెట్టు."

"ఏమన్నవు?"

"సంతకం పెట్టు సలోమి. అడుగుతున్న."

"నువ్వు అడుగుతున్నవా? ఇంకోసారి అను అక్కా, సరిగ ఇనబడలే."

"పెడ్తవా, పెన్ను ఎనుకకిస్తవా?"

పెట్టింది. నవ్వుకుంట పెట్టింది. మిగిలిన ఇండ్లల్ల గూడ ఎవ్వరు కాదనలే. కాదంటె నాకు జర సుకం ఉంటుండె, కొట్లాడి పెట్టిచ్చేదాన్ని. భూమయ్య ఏలిముద్ర ఏసి, "దొంగ వస్తడా?" అని అడిగిండు. ఆ మాట ఆయన ముద్దుకే అన్నడు. నాకు మాత్రం ముల్లు గుచ్చినట్టయింది.

ఆ కాగితం కొంగున కట్టుకోని కామారెడ్డి బస్సు ఎక్కిన. రైలు పట్టాలు దాటినంక అడుక్కుంట అడుక్కుంట గోదాము పట్టుకున్న. తలుపు దగ్గరేసి ఉన్నది. లోపల్నుంచి ఏదో సప్పుడు, కడుపు నిండిన పిల్లి గుర్రుమన్నట్టు. సందులకెల్లి సూసిన.

కారు. ఆకుపచ్చ రంగు, మొగం సూసుకునేటంత మెరుపు. నాలుగు తలుపులు, నాలుగిటికి అద్దాలు. ఇంజను నడుస్తున్నది. లోపట రహమాన్ స్టీరింగు పట్టుకోని, అద్దాలు పైకి లేపుకోని, గోదాము గోడ దిక్కు సూసుకుంట కూసున్నడు. ఏడికి పోతలేడు. అయినా మూల మలుపులు వచ్చినట్టు స్టీరింగు అటు ఇటు మెల్లగ అంటున్నడు.

తలుపు నూకిన. నన్ను సూసి ఇంజను బందు చేసి దిగిండు. చేతిల పాన ఎట్ల వచ్చిందో వచ్చింది.

"కారు అయిందా?" అన్న. ఆరు నెలలకు కలిస్తె అడిగే మాటనా అది? కాని వేరే మాట నోట్లకు రాలే.

"ఏడక్కా. ఇంక మస్తు పనున్నది."

ఎనుక బిల్కిస్ చాయ్ పట్టుకోని వచ్చింది. "అబద్ధమక్కా. ఎల్లారెడ్డిలున్నప్పుడే అయింది. రెండేండ్లాయె. లేతు నడుస్తున్నప్పుడు స్టార్ట్ చేసెటోడు, మీకు ఇనబడొద్దని. ఒక్కసారి నన్ను ఎక్కిచ్చుకోని మలుపు దాక పొమ్మంటె పోడు."

"ఎందుకు పోవు?"

రహమాన్ పానను గుడ్డతోని తుడిసిండు, అది శుభ్రంగనే ఉన్నది. "కారు అయిపోయిందంటె ఇగ కొలతకు అని ఎట్ల అడగాలె అక్కా?"

"సక్కగ అడగొచ్చు గద, బాగు చేసిస్తనని."

ఆయన చాయ్ గిలాస నా చేతికి ఇచ్చిండు. సక్కగ అడిగిన మనిషికి నేనేం జవాబిచ్చిన్నో ఆయన చెప్పలే, బిల్కిస్ చెప్పలే. చాయ్ తాగుకుంట నాకు నేనే చెప్పుకున్న. మంచి కారు చేసుకోని, నలుగురు సూసేటట్టు బజార్ల నడుపుకునే సుకం ఒక్కటి ఇడిసిపెట్టిండు. దేనికి? నా ఇటుక నాది అన్నందుకు.

కొంగు ముడి ఇప్పి కాగితం ఇచ్చిన. కండ్లద్దాలు పెట్టుకోని ఒక్కొక్క పేరు సదివిండు.

"భూమయ్య బాపు ఏలిముద్ర గూడ ఉన్నది."

"ఉన్నది."

"ఎవరు అడిగిండ్రు అక్కా?"

"నేనే."

"ఇంటింటికి పోయినవా?"

"ఇంటింటికి పోయిన. సలోమి రెండుసార్లు అడిగిచ్చుకున్నది."

అద్దాలు తీసి ఇంకో దిక్కు తిరిగి తుడుసుకున్నడు. అద్దాలు తుడిసేటోడు కండ్లు గూడ ఎందుకు తుడిసిండో నేను అడగలే. తప్పయింది అన్న మాట నా నాలుక మీదికి వచ్చింది, పండ్ల కాడ ఆగింది. డెబ్బై ఏండ్ల పండ్లు, ఉన్నయే నాలుగు, ఆ ఒక్క మాటకు మాత్రం కోట గోడ లెక్క నిలవడ్డయి.

"రా మరి" అన్న. "పది నుంచి ఐదు దాక. నా గిన్నెలు వణికితె వణకనీ."

"మిషను కింద సిమెంటు పోసిచ్చిన అక్కా. ఇగ అది లెవ్వదు." మామిడికాయలు కాసిన తోట గురించి చెప్పినట్టు మొగం ఇంత చేసుకోని చెప్పిండు. "అదొక్కటే గాదు. ఈ గల్లీల ఒక్క సామాను సక్కగ లేదక్కా. కుర్చీలు, తాళాలు, కుక్కర్లు... ఎట్ల ఇడిసిపెట్టి రావాలె?"

"మా గల్లీ?"

"మీది అంత అయిపోయింది గద."

అయిపోయింది. నిజమే. ఆయన చేసిన పని ఇరగది. ఇంటికి పోయి నాది, సలోమిది, భూమయ్యది ఉన్నదంత రాయి పెట్టి పలగ్గొట్టాలనిపిచ్చింది.

ఇంతల బయటికెల్లి ఒక ఆడమనిషి గొంతు. "రహమాన్ భాయ్, నా ఇడ్లీ పాత్ర తీస్కపోయి ఎన్ని దినాలాయె?"

అర నిమిషంల ఆ మనిషి ఎట్ల కదిలిండో సూడాలె. కారు బానెటు లేసింది, ఒక చక్రం బోల్టులు ఊడినయి, నేల మీద నాలుగు పానలు పడ్డయి, రహమాన్ కారు కింద ఉన్నడు. కాళ్లు మాత్రం బయటికి కనబడుతున్నయి. బిల్కిస్ ఇది రోజు సూసేదే గద, చాయ్ గిలాసలు తీస్కోని లోపలికి పోయింది.

పిలిచినామె లోపలికి వచ్చింది. పక్కింటి అనసూయమ్మ అట.

"కొలత ఇంక అందలే అమ్మా" అన్నడు కారు కిందికెల్లి. "రేపిస్త."

అనసూయమ్మ నా దిక్కు తిరిగింది. "మీరు ఈయనకు తెల్సినోళ్లా? ఈ కారు ఎన్నడన్న అయితదా అక్కా?"

నేను పుట్టినకాడినుంచి ఉన్నదున్నట్టు మాట్లాడేదాన్ని. అందుకే నాతోని ఎవ్వరికి పడది. కారు దిక్కు సూసిన. మెరుస్తున్నది. ఇంజను ఇంక వేడి మీద టిక్కు టిక్కుమంటున్నది.

"ఏడ అయితదమ్మా" అన్న. "దాంట్ల ఇంజనే లేదు."

"అదే నేను గూడ అనుకున్న" అన్నది.

"మా ఎల్లారెడ్డిల గూడ అందర్ని గిట్లనే సతాయించిండు. మెత్తగ అడిగితె ఇయ్యడు. జర గట్టిగ తిట్టు."

ఆమె కొంగు బొడ్లె దోపుకోని మొదలుపెట్టింది. పాపం, మంచింటి మనిషి, తిట్టుడు సరిగ రాదు. నడుమ నడుమ ఆగుతున్నది. ఆగినకాడల్ల మాట నేను అందిచ్చిన.